చెయ్యి ఊపినంత మాత్రాన కత్తి ఎందుకు తిరగదు?

కూకట్‌పల్లి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "సికింద్రాబాద్‌లో పాత నింటెండో వీ (రిమోట్ ఊపి ఆడే గేమ్ యంత్రం) కొని, జెల్డా పరంపరలోని కత్తి ఆట 'స్కైవర్డ్ సోర్డ్' ఆడుతున్నాను. మొదటి గుడిలో ఎదురయ్యే శత్రువు ఘిరాహిమ్ దగ్గరే ఆగిపోయాను. నేను కుడి నుంచి ఎడమకు కొడితే ఆటలో నా పాత్ర లింక్ ఎడమ నుంచి కుడికి కొడతాడు. కొన్నిసార్లు అసలు కొట్టడు. అదే ఆటను స్నేహితుడి దగ్గరున్న, నింటెండో తర్వాత తెచ్చిన యంత్రం స్విచ్‌లో బటన్ల పద్ధతి పెట్టుకుని ఆడితే అదే ఘిరాహిమ్‌ను తేలికగా ఓడించాను. లోపం నా చేతిదా, రిమోట్‌దా? కళ్లకు తెర తగిలించుకుని ఆడే వీఆర్ హెడ్‌సెట్ కొంటే ఈ బాధ తీరుతుందా?"

మీ చేతిలో లోపమేమీ లేదు. రిమోట్‌లో కొంత ఉంది. పెద్ద లోపం మాత్రం ఆ రిమోట్‌కు అప్పగించిన పనిలో ఉంది. అందుకే తర్వాత మెరుగైన సెన్సర్లు వచ్చినా, వీఆర్ వచ్చినా అది పూర్తిగా పోలేదు. నేను మాదాపూర్‌లో ఒక గేమ్ కంపెనీలో కంట్రోల్స్ రాసే ప్రోగ్రామర్‌ని. ఆటగాడి వేలు కదిలిన క్షణానికీ తెరపై బొమ్మ కదిలిన క్షణానికీ మధ్య ఏం జరుగుతుందో చూసుకోవడమే నా ఉద్యోగం. కాబట్టి ఈ విషయంలో నా మాట కాస్త కటువుగా ఉంటే సర్దుకోండి.

ముందు రిమోట్ సంగతి. 2006 నవంబరులో వచ్చిన తొలి వీ రిమోట్‌లో కదలికను కొలిచేది మూడు దిశల యాక్సిలరోమీటర్ ఒక్కటే. ముందు భాగంలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కూడా ఉంటుంది గానీ, అది టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బార్‌ను చూస్తున్నంతసేపే పనికొస్తుంది. ఆ బార్‌లో ఉండేవి రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, అంతే. దాన్ని తీసేసి అదే దూరంలో రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా తెరపై గుర్తు కదులుతుంది. కత్తి విసిరేటప్పుడు రిమోట్ ముక్కు టీవీ వైపు ఉండదు కాబట్టి కెమెరాకు ఏమీ కనిపించదు. ఇక మిగిలేది యాక్సిలరోమీటర్.

యాక్సిలరోమీటర్‌కు త్వరణం తెలుస్తుంది. అందులో మీ చేతి వల్ల వచ్చినది ఎంత, భూమ్యాకర్షణ ఎంత అన్నది దానికి తెలియదు. రెండూ కలిపి ఒకే అంకెగా ఇస్తుంది. త్వరణం నుంచి వేగాన్ని, వేగం నుంచి స్థానాన్ని లెక్కగట్టవచ్చు కదా అని ఇంటర్‌లో ఎంపీసీ చదివిన ఎవరికైనా అనిపిస్తుంది. వేసి చూడండి. కొలతలో భూమ్యాకర్షణలో నూరో వంతు తప్పు దొర్లిందనుకుందాం, అంటే సెకనుకు సెకనుకు దాదాపు 0.1 మీటరు. ఒక సెకను తర్వాత మీ చెయ్యి ఉన్నచోటు నుంచి 5 సెంటీమీటర్లు పక్కన ఉన్నట్టు లెక్క తేలుతుంది. 10 సెకన్లు గడిస్తే ఆ తేడా 5 మీటర్లు. మీరు హాల్లో నిలబడి ఉంటారు, లెక్క ప్రకారం మీ కత్తి పక్కింటి వంటగదిలో ఉంటుంది. తప్పు కాలానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఎంత తెలివిగా ప్రోగ్రాం రాసినా ఆ చిప్పు ఒక్కదానితో చేతి స్థానాన్ని పట్టుకోవడం కుదరదు.

ఇంకో చిక్కు. ఆ చిప్పు హామీ ఇచ్చే కొలత పరిధి భూమ్యాకర్షణకు మూడు రెట్లు. ఆవేశంగా విసిరిన చెయ్యి ఆ హద్దును ఇట్టే దాటుతుంది. దాటిన తర్వాత గట్టిగా కొట్టినదానికీ మరీ గట్టిగా కొట్టినదానికీ తేడా ఉండదు, కొలత పైకప్పుకు తగిలి అక్కడే నిలిచిపోతుంది. బలంగా కొట్టేవాడి దెబ్బే సెన్సర్‌కు అస్పష్టంగా అందుతుందన్నమాట.

ఇవన్నీ తెలిసిన నింటెండో ఇంజనీర్లు 2006లోనే చేసిన పని ఏమిటంటే, లెక్కలు మానేసి "రిమోట్ గట్టిగా కదిలిందా, లేదా" అని మాత్రమే అడగడం. అప్పటి జెల్డా ఆట 'ట్వైలైట్ ప్రిన్సెస్'లో మీరు కత్తిని ఎటు విసిరినా లింక్ తనకు నచ్చినట్టే తిప్పుతాడు. వీకి ముందరి యంత్రం గేమ్‌క్యూబ్‌లో బీ బటన్ చేసే పనిని వీలో చేతి ఊపు చేస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. ఎక్కువ మంది కుడిచేత్తో రిమోట్ ఊపుతారు కాబట్టి, ఎడమచేతి వాటం లింక్‌ను కుడిచేతి వాటంగా మార్చడానికి వీ వెర్షన్‌లో మొత్తం ప్రపంచాన్నే అద్దంలో చూసినట్టు తిరగేశారు. గేమ్‌క్యూబ్ పటంలో తూర్పున ఉన్నది వీ పటంలో పడమరన ఉంటుంది. ఒక బటన్‌ను ఊపుగా మార్చడానికి ఇంత తతంగం.

2009లో రిమోట్‌కు తగిలించే మోషన్‌ప్లస్ అనే ముక్క వచ్చింది. అందులో గైరోస్కోపు ఉంది. రిమోట్ ఏ దిశలో, ఎంత వేగంగా తిరుగుతోందో గైరో నేరుగా చెబుతుంది, వేగంగా విసిరినా తడబడదు. మీరు ఆడుతున్న 'స్కైవర్డ్ సోర్డ్' (2011) దీని మీదే నడుస్తుంది. అది లేకపోతే ఆట మొదలే కాదు. కానీ గైరోకు దాని జబ్బు దానికుంది. కదలకుండా పెట్టినా ఎంతో కొంత తిరుగుతున్నట్టు చెబుతూ ఉంటుంది, ఆ చిన్న అబద్ధాలు పోగుపడతాయి. పైకీ కిందికీ వచ్చే తప్పును భూమ్యాకర్షణ సాయంతో దిద్దుకోవచ్చు. ఎడమకూ కుడికీ వచ్చే తప్పును దిద్దడానికి ఆధారమేమీ లేదు. వేడితో ఈ అబద్ధం మారుతుంది కూడా: ఏసీ గదిలో సర్దుబాటు చేసిన రిమోట్ అరగంట మీ చేతి వెచ్చదనంలో ఉంటే కొత్త అబద్ధం మొదలుపెడుతుంది. ఆ ఆట రిమోట్‌ను బల్లమీద బోర్లా పెట్టమని అడగడం, మధ్యమధ్య మీరు బటన్ నొక్కి గుర్తును మధ్యకు తెచ్చుకోవలసి రావడం ఇందుకే.

ఇప్పుడు మీ ఘిరాహిమ్ దగ్గరకు వద్దాం, ఎందుకంటే ఈ సమస్య మొత్తానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వాడు మీ కత్తి ఎటు ఉంటే అటు తన చెయ్యి పెడతాడు. కత్తి ఉన్న వైపు నుంచే కొడితే రెండు వేళ్లతో పట్టేసుకుంటాడు. కాబట్టి కత్తిని ఒక పక్కన చూపించి వాడి చేతిని అటు రప్పించాలి, తర్వాత కత్తిని ఇంకో పక్కకు తెచ్చి, వాడు సర్దుకునేలోపు అక్కడి నుంచి కొట్టాలి. ఆలోచన అద్భుతం. కానీ ప్రోగ్రాం వైపు నుంచి చూడండి. కత్తిని పక్కకు తేవడం ఒక కదలిక, కొట్టడం ఇంకో కదలిక. రెండూ అదే చెయ్యి, అదే దారి, అదే రిమోట్. ఏది కొట్టడం, ఏది తేవడం అన్నది తేల్చడానికి ప్రోగ్రాం దగ్గర ఉన్న ప్రధానమైన ఆధారం వేగం. ఒక హద్దు పెట్టుకుని, అది దాటితే దెబ్బ అంటుంది. హద్దు తక్కువగా పెడితే మీరు కత్తిని చోటు మార్చడానికి కాస్త త్వరపడ్డా దెబ్బగా లెక్కేస్తుంది, ఘిరాహిమ్ పట్టేసుకుంటాడు. ఎక్కువగా పెడితే నిజంగా కొట్టినప్పుడు పట్టించుకోదు. అందరి చేతులకూ సరిపోయే హద్దు లేదు. పదేళ్ల పిల్లవాడి మణికట్టు, జిమ్‌కు వెళ్లే పాతికేళ్లవాడి భుజం, మోకాళ్ల నొప్పులతో సోఫాలో కూర్చుని ఆడే పెద్దాయన ముంజేయి, అన్నీ ఆ ఒక్క అంకెకు లోబడాలి.

ఇక తిరగబడే దెబ్బ. క్రికెట్ ఆడినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: బ్యాటు ముందుకు రావాలంటే మొదట వెనక్కి వెళ్లాలి. కుడి నుంచి ఎడమకు కొట్టదలచిన చెయ్యి ముందు ఇంకాస్త కుడికి వెళ్లి బలం పుంజుకుంటుంది. మీకు అది సన్నాహం, మీకే తెలియకుండా జరిగిపోతుంది. సెన్సర్‌కు అది స్పష్టమైన ఎడమ-నుంచి-కుడి కదలిక. మీరు కంగారులో ఉన్నారు కాబట్టి సన్నాహం కూడా వేగంగా చేస్తారు, హద్దు దాటుతుంది, లింక్ తప్పు దిక్కున కొడతాడు. కొట్టడం అయ్యాక చేతిని యథాస్థానానికి తెచ్చుకునేటప్పుడూ ఇదే ప్రమాదం. ప్రోగ్రాం రాసేవాళ్లు దీన్ని తప్పించడానికి ఒక దెబ్బ తర్వాత కాసేపు ఏ కదలికనూ లెక్కచేయకుండా వదిలేస్తారు. అప్పుడు వెంటవెంటనే రెండు దెబ్బలు కొట్టేవాడి రెండో దెబ్బ గాలికి పోతుంది. ఒక చోట నొక్కితే ఇంకో చోట ఉబ్బుతుంది.

నిజానికి ఇవన్నీ రేపు మాయమైనా, పరిపూర్ణమైన సెన్సర్ ఒకటి దొరికినా, యాక్షన్ గేముకు ఊపు సరిపడదనే నా వాదన. కారణం కాలం.

సాధారణంగా యాక్షన్ గేము సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు గీస్తుంది, ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. ఫైటింగ్ గేముల్లో చురుకైన గుద్దులు నాలుగైదు ఫ్రేముల్లోనే తగులుతాయి. ఈ ప్రపంచంలో బటన్ అనేది నిర్ణయానికీ ఫలితానికీ మధ్య ఉన్న అతి పొట్టి దారి: బొటనవేలు బటన్ మీదే కాచుకుని ఉంటుంది, రెండు మిల్లీమీటర్లు కిందికి వెళ్తే చాలు. నొక్కిన క్షణం ఏదన్నదానిపై ఎవరికీ అనుమానం ఉండదు. అదే చెయ్యి ఊపడానికి, మొదలు నుంచి ఆగేవరకు, పావు సెకను నుంచి అర సెకను పడుతుంది. అంటే 15 నుంచి 30 ఫ్రేములు. అందులో "ఇదిగో కొట్టాడు" అని ప్రోగ్రాం ఎక్కడ గీత గీయాలి? చెయ్యి కదలడం మొదలైన వెంటనే గీస్తే దిక్కు ఇంకా తెలియదు. దిక్కు తేలేదాకా ఆగితే ఆలస్యం. ఆ ఆలస్యం కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు, అదే అసలు చేటు. ఎప్పుడూ వంద మిల్లీసెకన్లు ఆలస్యమయ్యే ఆటకు మనిషి అలవాటు పడతాడు, ముందుగానే నొక్కడం నేర్చుకుంటాడు. ఒకసారి 60, ఒకసారి 180 అయితే నేర్చుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

దీనిమీద ఇంకొకటి కూడుతుంది, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. మంచి యాక్షన్ గేములో ప్రతి దెబ్బకూ మూడు భాగాలు ఉంటాయి: ఎత్తడం, తగలడం, సర్దుకోవడం. బరువైన గొడ్డలికి ఎత్తడం ఎక్కువసేపు, చిన్న కత్తికి తక్కువ. ఆయుధం బరువు ఆటగాడికి తెలిసేది ఈ సమయాల తేడా వల్లే, డిజైనరు వాటిని ఫ్రేము ఫ్రేముగా చెక్కుతాడు. బటన్‌తో ఆడితే మీరు నిర్ణయం చెబుతారు, మిగతా నటన అంతా బొమ్మది. ఊపుతో ఆడితే ఎత్తడమూ కొట్టడమూ మీ చెయ్యి అప్పటికే చేసేసింది. ఆ తర్వాత తెరపై లింక్ మళ్లీ మొదటి నుంచి ఎత్తి, కొట్టి చూపిస్తాడు. ఒకే దెబ్బను ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు కొట్టినట్టు ఉంటుంది. డిజైనరు ఎత్తే భాగాన్ని తీసేస్తే ఆయుధానికి బరువు పోతుంది, ఉంచితే ఆటగాడికి నత్తనడక అనిపిస్తుంది.

మీ పోలికలో ఒక చిన్న సవరణ మాత్రం చెప్పాలి. 2021లో స్విచ్‌కు వచ్చిన 'స్కైవర్డ్ సోర్డ్ హెచ్‌డీ' సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది, వీలోది 30. కాబట్టి మీకు దొరికిన తేలికదనంలో కొంత వాటా ఫ్రేములది, అంతా బటన్లది కాదు. ఇంకొంత మీ టీవీది కావచ్చు. వీ ఇచ్చే బొమ్మ గరిష్ఠంగా 480పీ, అంటే 480 అడ్డగీతలు. దాన్ని ఇప్పటి పెద్ద ఎల్‌ఈడీ టీవీ సాగదీసి, మెరుగులు దిద్ది చూపించేసరికి కొన్ని ఫ్రేములు మింగేస్తుంది. టీవీలో గేమ్ మోడ్ ఉంటే పెట్టండి. పసుపు-ఎరుపు-తెలుపు పిన్నుల మామూలు తీగ బదులు కాంపోనెంట్ తీగ దొరికితే అది వాడండి. తేడా కళ్లకే తెలుస్తుంది.

ఈ పాఠం నింటెండోకు మాత్రమే పరిమితం కాదు. 1993లో సెగా 'యాక్టివేటర్' అని నేలమీద పరిచే ఎనిమిది పలకల చట్రం అమ్మింది. మధ్యలో నిలబడి గాలిలో గుద్దితే, తంతే ఇన్‌ఫ్రారెడ్ కిరణం తెగి బటన్ నొక్కినట్టు అవుతుంది. ఫైటింగ్ గేముల కోసమని ప్రచారం చేశారు. ప్రత్యర్థి బొటనవేలితో మూడు గుద్దులు గుద్దేలోపు మీరు ఒక కాలు లేపుతారు. కొద్దికాలానికే మూలపడింది. 2007లో ప్లేస్టేషన్ 3కి వచ్చిన 'లెయిర్' ఇంకా బాధాకరం, ఎందుకంటే ఆ ఆటలో డ్రాగన్లు చూడముచ్చటగా ఉంటాయి. సిక్సాక్సిస్ కంట్రోలర్‌ను వంచి డ్రాగన్‌ను నడపాలి. వెనక్కి తిప్పాలంటే కంట్రోలర్‌ను ఎగరేసినట్టు కుదపాలి. మామూలుగా వంచిన దాన్ని కుదుపు అనుకుని డ్రాగన్ వెనుదిరిగిపోయేది, కుదిపితే నేరుగా వెళ్లిపోయేది. మరుసటి ఏడాది కంపెనీ వాళ్లే స్టిక్‌తో (బొటనవేలితో తోసే చిన్న పుల్లతో) నడిపే వెసులుబాటును అప్‌డేట్‌గా ఇచ్చారు. 2010 నాటి 'డాంకీ కాంగ్ కంట్రీ రిటర్న్స్' ఎంత మంచి ఆటో చూడండి, దొర్లడానికి రిమోట్ ఊపమన్నారు. వెంట్రుకవాసి దూకుళ్ల మధ్య ఊపు! 2013లో చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్‌కు తెచ్చినప్పుడు దొర్లడాన్ని బటన్ మీద పెట్టారు, దొర్లడం హాయిగా మారింది.

కినెక్ట్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. 2010 చివర్లో వచ్చి తొలి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడైన మైక్రోసాఫ్ట్ కెమెరా పరికరం, ఒంటి కదలికలతోనే ఆడించేది. అది మనిషి ఆకారాన్ని సెకనుకు 30 సార్లు చూస్తుంది. అంటే ఏ లెక్కా మొదలుకాకముందే 33 మిల్లీసెకన్ల వరకు పోతాయి, ఎముకల గూడు గీసుకుని, భంగిమ గుర్తుపట్టి, బొమ్మ గీసేసరికి ఆ ఆలస్యం ఎన్నో రెట్లవుతుంది. చేతిలో బటన్ లేదు కాబట్టి ముందుకు నడవడం కూడా ఒక సమస్యే, గదిలో మీరు ఎంత దూరం నడుస్తారు? 2012లో వచ్చిన 'స్టీల్ బెటాలియన్: హెవీ ఆర్మర్'లో యంత్రం లోపల కూర్చున్నట్టు గాలిలో చేతులు చాచి లివర్లు లాగాలి. ఒకటి లాగితే ఇంకొకటి అందుకుంటుందని విమర్శకులు చీల్చి చెండాడారు. డ్యాన్సు ఆటల్లో అదే కినెక్ట్ చక్కగా పనిచేసింది, ఎందుకంటే పాటలో తర్వాతి అడుగు ఏమిటో ఆటకు ముందే తెలుసు. ఎదురు చూస్తున్న భంగిమ వచ్చిందా లేదా అని సరిచూసుకుంటే సరిపోతుంది. యుద్ధంలో మీరు తర్వాత ఏం చేస్తారో ఆటకు తెలియదు, తెలియకూడదు కూడా.

మన ఇళ్లు కూడా ఈ పరికరాలకు అనువైనవి కావు. కినెక్ట్ ఒక్కరికి 6 అడుగులు, ఇద్దరికి 8 అడుగుల దూరం కావాలంటుంది. మియాపూర్‌లోనో నల్లకుంటలోనో రెండు పడకగదుల ఫ్లాటులో హాలంటే సోఫా, దివాన్, టీపాయ్, మధ్యలో పిల్లల సైకిలు. బాల్కనీ తలుపు తీస్తే ఎండ నేరుగా లోపలికి వస్తుంది, ఎండలో ఇన్‌ఫ్రారెడ్ పుష్కలంగా ఉంటుంది, సెన్సర్ బార్‌ను చూసే కెమెరా దానికి తికమకపడుతుంది. కర్టెన్ వేసి ఫ్యాను ఆపితే ఏప్రిల్‌లో ఎవరూ నిలబడలేరు. ఫ్యాను వేసి ఆడితే, పైకెత్తిన చెయ్యి దేనికి తగులుతుందో చెప్పనక్కర లేదు. అమెరికా బేస్‌మెంట్లను మనసులో పెట్టుకుని తయారుచేసిన వస్తువులివి. అక్కడివాళ్లూ టీవీలు పగలగొట్టుకున్నారు లెండి: వీ వచ్చిన నెలలోపే, 2006 డిసెంబరులో, తెగిపోతున్న మణికట్టు తాళ్ల స్థానంలో గట్టివి ఇస్తామని నింటెండో ప్రకటించింది. అవి సుమారు 32 లక్షలు.

వీఆర్ సంగతి అడిగారు. హెడ్‌సెట్‌లోని కెమెరాలు మీ చేతుల స్థానాన్ని నేరుగా చూస్తాయి కాబట్టి నేను పైన చెప్పిన జబ్బుల్లో సగం అక్కడ లేవు. మీ చెయ్యి ఎక్కడుందో కత్తి అక్కడే ఉంటుంది, తప్పు దిక్కున తిరగదు. మీ పాత్ర మళ్లీ ఊపి చూపించడం కూడా ఉండదు, ఆ చెయ్యి మీదే. మిగిలేది తాకిడి. పాతబస్తీ తాలీంఖానాలో కర్ర తిప్పడం నేర్చుకున్న ఎవరినైనా అడగండి, కర్రకు కర్ర తగిలినప్పుడు చెయ్యి ఆగుతుంది, ఆ ఆగడంలోనే తర్వాతి ఎత్తు ఉంటుంది. అవతలివాడి బలం, వంపు, తొందర అన్నీ అరచేతికి తెలుస్తాయి. వీఆర్‌లో శత్రువు డాలు అడ్డం పెడితే తెరపై కత్తి ఆగాలి, కానీ మీ చేతిని ఆపేది ఏదీ లేదు, అది డాలును దాటి వెళ్లిపోతుంది. అప్పుడు తెరపై కత్తి మీ చేతిలో ఉండాలా, డాలు దగ్గర ఉండాలా? ఏది ఎంచుకున్నా ఒక అబద్ధమే. 'బ్లేడ్ అండ్ సోర్సరీ' లాంటి ఆటలు కత్తికి లెక్కల్లో బరువు పెట్టి, మీ చేతికి కాస్త వెనకబడి వచ్చేలా చేశాయి. తెలివైన ఉపాయం, నాకు ఇష్టమైనది, కానీ మనం మొదట పారిపోయింది ఆలస్యం నుంచే కదా!

వీఆర్‌లో జనం విరగబడి ఆడిన కత్తి ఆట 'బీట్ సేబర్' (2019). అందులో కత్తి ఘనాల గుండా సాఫీగా దూసుకుపోతుంది, ఎక్కడా ఆగనక్కర లేదు. ప్రతిఘటించే శత్రువు లేడు. తాకిడి సమస్యను పరిష్కరించకుండా, అది రాని ఆటను తయారుచేసుకున్నారు. 2020లో వాల్వ్ వాళ్లు 'హాఫ్-లైఫ్: అలిక్స్' చేసినప్పుడు, ఆ ఆటల పరంపరకే గుర్తుగా నిలిచిన ఇనుప గడ్డపారను ఆయుధంగా పెట్టలేదు. ప్రధానంగా తుపాకులే.

తుపాకులు అనగానే అసలు విశేషం వస్తుంది. గురిపెట్టడంలో చేతి కదలిక బటన్‌కూ స్టిక్‌కూ లొంగని మేలు చేస్తుంది. వీలోనే 'రెసిడెంట్ ఈవిల్ 4' (2007), 'మెట్రాయిడ్ ప్రైమ్ 3' (2007) ఆడి చూడండి. రిమోట్ చూపిన చోట గురి ఉంటుంది, పేల్చడానికి బటన్. 2015 నుంచి 'స్ప్లాటూన్', 2017లో 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' విల్లు, ఇప్పుడు చేతిలో పట్టుకుని ఆడే యంత్రం స్టీమ్ డెక్, అన్నిటిలోనూ ఇదే పద్ధతి. ఇంత దూరం ఎందుకు, అమీర్‌పేట హాస్టళ్లలో ఫోనులో బీజీఎంఐ అనే తుపాకీ ఆట ఆడే కుర్రాళ్లను గమనించండి. ఫోనును కొద్దికొద్దిగా వంచుతూ తుపాకీ ఎగరడాన్ని అణచిపెడుతుంటారు. సెట్టింగుల్లో గైరోస్కోపును ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకుంటారు, అది లేకుండా ఆడమంటే చేతులు కట్టేసినట్టు గింజుకుంటారు. వారి ఫోనులో ఉన్నదీ మోషన్‌ప్లస్‌లో ఉన్నదీ ఒకే జాతి చిప్పు. ఒకచోట శాపం, ఇంకోచోట వరం ఎలా అయింది?

గురిపెట్టేటప్పుడు ప్రోగ్రాం ఏదీ ఊహించనక్కర లేదు. చెయ్యి రెండు డిగ్రీలు తిరిగితే గురి దానికి తగినంత జరుగుతుంది. "ఇది దెబ్బా, సన్నాహమా" అనే ప్రశ్నే పుట్టదు, హద్దు లేదు, గుర్తుపట్టడం లేదు, కాబట్టి ఆ ఆలస్యమూ లేదు. గైరో అబద్ధం చెప్పినా ఫరవాలేదు, గురి కాస్త పక్కకు జరిగితే కన్ను చూస్తుంది, మణికట్టు దిద్దుతుంది, ఆడేవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఎప్పుడు పేల్చాలి అనే నిర్ణయం మాత్రం వేలి దగ్గరే ఉంటుంది, దాని క్షణం స్పష్టం. కదలికలు కూడా చిన్నవి, గంటసేపు ఆడినా భుజం పీకదు. కత్తియుద్ధంలో ఎక్కడికి, ఎప్పుడు అనే రెండు ప్రశ్నలనూ ఒకే ఊపు మీద మోపాం. తుపాకీ ఆటల్లో ఆ రెంటినీ విడదీశారు.

ఈ విభజన తెలిసినవాళ్లు కత్తి ఆటనూ బాగానే చేశారు. 'నో మోర్ హీరోస్' (2007) వీ ఆటే, నాయకుడు పట్టుకునేది వెలుగు కత్తే. కానీ మామూలు దెబ్బలన్నీ 'ఏ' (A) అనే బటన్‌తోనే. శత్రువు కూలబోయే ముందు తెరపై బాణం గుర్తు వస్తుంది, అప్పుడు మాత్రం ఆ దిక్కున చెయ్యి విసరాలి. ఆ క్షణంలో ఆట మీకోసం ఆగుతుంది, ఏ దిక్కు రావాలో దానికి ముందే తెలుసు. ఊపు అక్కడ పనిముట్టు కాదు, సంబరం. సంబరానికి నాలుగు ఫ్రేములు ఆలస్యమైతే ఎవరూ ఫిర్యాదు చేయరు.

'స్కైవర్డ్ సోర్డ్'ను సమర్థించేవారి మాటా వినదగ్గదే. రెండు కత్తులు అడ్డం పెట్టే అస్థిపంజరం దగ్గర ఖాళీ ఎటుందో చూసి అటు కొట్టడం, నోరు అడ్డంగా తెరిస్తే అడ్డంగా, నిలువుగా తెరిస్తే నిలువుగా కోయవలసిన మొక్క, ఇవి అంతకు ముందు జెల్డా పరంపరలో లేని ఆలోచనలు. బటన్లు ఎడాపెడా నొక్కేవాణ్ణి ఆగి చూసేలా చేశాయి. ఒప్పుకుంటాను. అయితే స్విచ్‌లో కుడి స్టిక్‌ను ఎనిమిది దిక్కుల్లో ఎటు తోస్తే కత్తి అటు కొడుతుంది, ఆ చిక్కుముడులన్నీ అక్కడ చెక్కుచెదరలేదు. అంటే ఆ ఆట బలం దిక్కుల్లో ఉంది, భుజంలో లేదు. ఇక వీ 10 కోట్లకు పైగా అమ్ముడైంది, తాతలూ అమ్మమ్మలూ బౌలింగ్ ఆడారు అనేవారికి నా దగ్గర జవాబు లేదు, అక్కరా లేదు. బౌలింగ్‌లో బంతి వదలడానికి మీకు ఎంతసేపైనా ఉంటుంది, ఎదురు తిరిగి కొట్టేవాడు లేడు. అది యాక్షన్ గేము కాదు.

మీరు ఇప్పుడు చేయగలిగినవి. మొదట రిమోట్ చూడండి: ముందువైపు అడుగున వీ ముద్ర కింద మోషన్‌ప్లస్ లోపలే ఉందని అక్షరాలు ఉంటే నింటెండో 2010లో తెచ్చిన రకం, లేదా కింద తగిలించే విడి ముక్క ఉండాలి. సెకండ్‌హ్యాండ్‌లో నకిలీ రిమోట్లు చాలా తిరుగుతున్నాయి, వాటి గైరో నాణ్యత ఎలా ఉంటుందో ముందే చెప్పలేం, దుకాణంలోనే పెట్టించి ఆడి చూడండి. ఆట మొదలుపెట్టే ముందు రిమోట్‌ను కాసేపు చేతిలో పట్టుకుని వెచ్చబడనిచ్చి, అప్పుడు బల్లమీద బోర్లా పెట్టి సర్దుబాటు చేయండి. ఘిరాహిమ్ దగ్గర భుజాన్ని వదిలేసి మణికట్టు వాడండి. కత్తిని పక్కకు తెచ్చేటప్పుడు నీళ్లలో చెయ్యి కదిపినంత నిదానంగా తెండి, అక్కడ ఒక క్షణం పూర్తిగా ఆపండి, సన్నాహం లేకుండా చటుక్కున చిన్నగా కొట్టి చేతిని అక్కడే ఉంచేయండి. వెనక్కి తెచ్చుకోవాలంటే మళ్లీ నిదానంగా. ఇది కత్తిసాము కాదు, సెన్సర్‌కు అర్థమయ్యే సంజ్ఞాభాష, కానీ వాడు ఓడిపోతాడు.

వీఆర్ హెడ్‌సెట్‌ను కత్తియుద్ధం కోసమే అయితే కొనవద్దంటాను. తుపాకీ ఆటలు, 'బీట్ సేబర్' కోసమైతే ముందు ఏదైనా మాల్‌లోని గేమింగ్ జోన్‌లో అరగంట ఆడి చూడండి. కొందరికి పది నిమిషాల్లోనే కళ్లు తిరుగుతాయి, ఇంటికి తెచ్చాక తెలిస్తే లాభం లేదు. కొన్నాక ఆడే చోటు గీతను ఫ్యాను రెక్కలకు బాగా ఎడంగా గీయండి. గైరో గురి ఎంత బాగుంటుందో మాత్రం రూపాయి ఖర్చు లేకుండా మీ ఫోనులో బీజీఎంఐతోనే ఈ రాత్రి పరీక్షించుకోవచ్చు: స్కోపు తెరిచినప్పుడు మాత్రమే గైరో పనిచేసేలా పెట్టి, సున్నితత్వం తక్కువతో మొదలుపెట్టండి.